“నువ్వు ఇండియన్ మాట్లాడతావా?” అంటే శాక్సోఫోన్‌తో చెప్పిన సమాధానం

ఈ ఎపిసోడ్ జాజ్ గురించి. ఆగండి ఆగండి, అప్పుడే స్వైప్ చేసేయకండి. జాజ్ అనగానే మనలో చాలామందికి కాఫీ షాప్‌లో లాప్‌టాప్ పక్కన సన్నగా మోగే మ్యూజిక్ గుర్తొస్తుంది. ఈరోజు మనం మాట్లాడుకునేది అది కాదు. ఇది పెట్టుకుని మీరు కోడ్ రాయలేరు. నేను ట్రై చేశా, పది నిమిషాల్లో ఎడిటర్ మూసేసి కూర్చుని వినాల్సొచ్చింది.

సబ్జెక్ట్ ఏంటంటే, న్యూయార్క్‌లో ఒక చిన్న ఇండిపెండెంట్ లేబుల్ ఉంది. పేరు పై రికార్డింగ్స్. పై అంటే పైన, కింద అనే పై కాదు. వృత్తం చుట్టుకొలతలో వచ్చే పై, 3.14. బీటెక్ చదివిన వాళ్ళకి పాత గాయం. ఈ లేబుల్ నుంచి వచ్చిన ఐదారు ఆల్బమ్‌ల మీద నా అభిప్రాయం చెప్తా. రివ్యూలు రాసే క్రిటిక్స్ వీటి గురించి ఏమన్నారు, ఎక్కడ నాకు వాళ్ళతో కుదరలేదు, అది కూడా చెప్తా. ఈ ఆల్బమ్‌లలో కొన్ని మన గురించే. మన గురించి అంటే, బ్యాగు సర్దుకుని అమెరికా వెళ్ళే వాళ్ళ గురించి, వెళ్ళిన వాళ్ళ పిల్లల గురించి.

ముందు లేబుల్ సంగతి. 2001లో సేత్ రోస్నర్ అనే ఆయన మొదలుపెట్టాడు, తర్వాత యూలున్ వాంగ్ వచ్చి చేరాడు. మొదటి రిలీజ్ ఎలా చేశారో చూడండి: ఒకేసారి రెండు ఆల్బమ్‌లు, రెండూ ఒకే మనిషివి. హెన్రీ థ్రెడ్‌గిల్. షికాగోలో పుట్టాడు, వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చాడు, శాక్సోఫోన్, ఫ్లూట్ వాయిస్తాడు. అప్పటికి ఆయన వయసు 57. తొంభైల్లో కొలంబియా లాంటి పెద్ద కంపెనీ ఆయన రికార్డులు కొన్ని వేసింది, తర్వాత ఆ దారి మూసుకుపోయింది. అలాంటి మనిషితో కొత్త వ్యాపారం మొదలుపెట్టడమంటే, మన దగ్గర ఒక కొత్త ప్రొడ్యూసర్ మొదటి రోజే రెండు ఆఫ్‌బీట్ సినిమాలు ఒకే శుక్రవారం రిలీజ్ చేసినట్టు. ఇంట్లోవాళ్ళు ఏమన్నారో నాకు ఊహకి అందుతోంది. ఇరవై ఏళ్ళు దాటింది, లేబుల్ ఇంకా ఉంది. ఏడాదికి వేసేవి కొన్నే, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

జాజ్ అసలు వినని వాళ్ళ కోసం ఒక్క నిమిషం. ముందు ఒక రాసుకున్న ట్యూన్ వాయిస్తారు, తర్వాత దాని చట్రంలో ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు, చివర్లో మళ్ళీ ట్యూన్‌కి వస్తారు. కచేరీలో కీర్తన పాడి, స్వరకల్పన చేసి, మళ్ళీ పల్లవికి వచ్చే పద్ధతి తెలిసిన వాళ్ళకి ఇది కొత్తేం కాదు. అంతే, థియరీ అయిపోయింది.

మొదటి ఆల్బమ్. “ఇన్ వాట్ లాంగ్వేజ్?” 2003. అంటే “ఏ భాషలో?” పియానిస్ట్ విజయ్ అయ్యర్, కవి మరియు హిప్‌హాప్ ఆర్టిస్ట్ మైక్ లాడ్ కలిసి చేసింది.

ఈ పేరు వెనక ఒక నిజమైన సంఘటన ఉంది. 2001 ఏప్రిల్‌లో ఇరాన్ డైరెక్టర్ జాఫర్ పనాహీ హాంకాంగ్ నుంచి దక్షిణ అమెరికాకి వెళ్తూ న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్‌లో విమానం మారాలి. అక్కడ ఆయన్ని ఆపి వేలిముద్రలు ఇమ్మన్నారు. ఆయన ఒప్పుకోలేదు. గొలుసులు వేసి గంటల తరబడి కూర్చోబెట్టారు, చివరికి వచ్చిన దారినే హాంకాంగ్ పంపేశారు. గుర్తు పెట్టుకోండి, ఇది సెప్టెంబర్ 11కి ఐదు నెలల ముందు. తర్వాత ఆయన రాసినదాని సారాంశం ఇది: విమానంలో తోటి ప్రయాణికులు తనని చూసే చూపు చూసి, నేను దొంగని కాను, హంతకుణ్ణి కాను, సినిమాలు తీసుకునే మనిషిని అని చెప్పాలనిపించింది, కానీ ఏ భాషలో చెప్పాలి? ఆ ప్రశ్నే ఆల్బమ్ పేరు.

ఆల్బమ్ అంతా ఎయిర్‌పోర్ట్‌లోనే జరుగుతుంది. ఒక్కో ట్రాక్‌లో ఒక మనిషి గొంతు. ఇరాక్ వ్యాపారి ఒకడు, సెక్యూరిటీలో పనిచేసే వాళ్ళు, ఆశ్రయం అడిగే వాళ్ళు, ఊడ్చే వాళ్ళు. మనం ఎయిర్‌పోర్ట్ అనగానే ప్రయాణికుల్నే ఊహించుకుంటాం. ఇందులో ట్రాలీలు తోసేవాళ్ళూ, ఫ్లోర్ తుడిచేవాళ్ళూ కూడా మాట్లాడతారు. చర్మం రంగు దాదాపు ఒకటే, కానీ ఒకడి పాస్‌పోర్ట్ ఇంకొకడు చెక్ చేస్తున్నాడు. ఆ మెలిక ఈ ఆల్బమ్‌లో నాకు బాగా నచ్చింది. ‘తెల్లవాడు చెడ్డవాడు, మనం పాపం’ అనే ఈజీ కథ కాదు.

గొంతుల్లో ఒకటి అజయ్ నాయుడుది. పేరు ఎక్కడో విన్నట్టుందా? 1999లో వచ్చిన “ఆఫీస్ స్పేస్” సినిమాలో సమీర్. పేరుని ఎవ్వరూ సరిగ్గా పలకలేని ఆ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. ప్రింటర్‌ని పొలంలోకి తీసుకెళ్ళి చితక్కొట్టే సీన్ మీమ్‌గా మీరందరూ చూసే ఉంటారు. అదే మనిషి ఇక్కడ నవ్వించకుండా మాట్లాడుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక కంప్లైంట్. కొన్ని ట్రాక్స్‌లో మాటలు మరీ చిక్కగా ఉన్నాయి. మైక్ లాడ్ ఒక లైన్‌లో మూడు బొమ్మలు పెడతాడు, మొదటిది అర్థమయ్యేలోపు మూడోది వెళ్ళిపోతుంది. అలాంటి చోట విజయ్ పియానో వెనక్కి జరిగి సినిమా బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ అయిపోతుంది. ఎలక్ట్రానిక్ బీట్స్ కూడా కొన్ని చోట్ల 2003లోనే ఆగిపోయాయి. అయినా సరే, ఎంఎస్‌కి వెళ్ళబోతున్న ఎవరికైనా ఈ ఆల్బమ్ వినమని చెప్తా. శంషాబాద్‌లో 23 కిలోల బ్యాగులు రెండు తూకం వేయించి, అమ్మ ఇచ్చిన పచ్చడి సీసా లీక్ అవుతుందేమో అని టెన్షన్ పడి, విమానం ఎక్కాక అసలు టెన్షన్ మొదలవుతుంది కదా. పోర్ట్ ఆఫ్ ఎంట్రీలో ఆఫీసర్ ఏం అడుగుతాడు, ఫోన్ తెరవమంటాడా, నా ఐ-20 సరిగ్గా ఉందా. ఆ లైన్‌లో నిలబడ్డప్పుడు గొంతు ఎందుకు మారిపోతుందో, మామూలుగా వచ్చే ఇంగ్లీష్ కూడా ఎందుకు రాదో, దాని మీద ఇంత సీరియస్‌గా పనిచేసిన మ్యూజిక్ నేను వేరే వినలేదు.

వీళ్ళిద్దరూ పదేళ్ళ తర్వాత, 2013లో, ఇదే లేబుల్‌కి “హోల్డింగ్ ఇట్ డౌన్” అని ఇంకోటి చేశారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి, ఇతర మైనారిటీ సైనికుల కలల మీద. అందులో లిన్ హిల్ అనే ఆవిడ ఉంది, అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో డ్రోన్ ఆపరేషన్స్‌లో పనిచేసింది. స్క్రీన్ ముందు కూర్చుని ఎక్కడో ఉన్న మనుషుల్ని చూడటం, షిఫ్ట్ అయ్యాక కారేసుకుని ఇంటికెళ్ళడం. మొదటిదానికంటే ఇదే గట్టి ఆల్బమ్ అని నా ఉద్దేశం, ఎందుకంటే ఇందులో మాటలు ఆ అనుభవించిన వాళ్ళవే. కానీ దాని గురించి విడిగా మాట్లాడాలి.

ఇప్పుడు రుద్రేష్ మహంతప్ప. ఆల్టో శాక్సోఫోన్. తల్లిదండ్రులు ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళు, తను పుట్టింది ఇటలీలో, పెరిగింది అమెరికాలో కొలరాడోలో. 2004లో పై రికార్డింగ్స్‌కి “మదర్ టంగ్” అనే ఆల్బమ్ చేశాడు. ఐడియా అదిరిపోయింది. అక్కడ పెరిగిన మనవాళ్ళని అందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది: “నువ్వు ఇండియన్ మాట్లాడతావా?”, ఇంకా ముదిరితే “హిందూ మాట్లాడతావా?” అని. రుద్రేష్ ఏం చేశాడంటే, రకరకాల భాషల వాళ్ళని ఈ ప్రశ్నకి వాళ్ళ మాతృభాషలో సమాధానం చెప్పమని రికార్డ్ చేశాడు. ఆ మాటల్లో గొంతు ఎక్కడ పైకి లేస్తుంది, ఎక్కడ దిగుతుంది, ఎక్కడ ఆగుతుంది అని నోట్స్ రాసుకున్నాడు. ఆ మాటల రాగం నుంచి ట్యూన్లు కట్టాడు. అందుకే ట్రాక్‌ల పేర్లు కన్నడ, గుజరాతీ, తమిళ్, మలయాళం ఇలా ఉంటాయి. మన భాష పేరు ఉందో లేదో నేను చెప్పను, వెళ్ళి లిస్ట్ చూడండి.

నాకు ఈ ప్రశ్న బాగా తెలుసు. నేను జాబ్ చేసిన చోట ఒక క్లయింట్ కాల్‌లో ఒకాయన నన్నూ, చెన్నైలో ఉన్న కొలీగ్‌నీ ఉద్దేశించి, “మీరిద్దరూ మీ ఇండియన్‌లో మాట్లాడుకుని తేల్చేయండి, మేం వెయిట్ చేస్తాం” అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు, అదే కదా బాధ. నాకు తమిళం రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరం ఇంగ్లీష్‌లోనే తేల్చాం.

కాబట్టి ఈ ఆల్బమ్ నాకు నచ్చి తీరాలి కదా? ఐడియా నచ్చింది. విన్నాక మాత్రం ఒక డౌట్. ట్యూన్ మొదటి నిమిషంలో ఆ మాట విరుపు కొంచెం తెలుస్తుంది. తర్వాత బ్యాండ్ ఊపందుకుంటుంది. విజయ్ పియానో, ఫ్రాన్స్వా ముటాన్ బేస్, ఎలియట్ కావీ డ్రమ్స్, ముగ్గురూ మామూలోళ్ళు కాదు. ఆ ఊపులో భాష కరిగిపోతుంది. ట్రాక్ పేర్లు మూసేసి నాకు వినిపిస్తే, ఏది కన్నడ, ఏది గుజరాతీ అని నేను చెప్పలేను. మీరూ చెప్పలేరు. అన్ని భాషలూ కలిసి ‘జాజ్’ అనే ఒక్క భాష అయిపోయాయి. ‘ఇండియన్ అనేది ఒక భాష కాదు’ అని చెప్పడానికి మొదలెట్టిన పని, చివరికి అన్నింటినీ ఒకేలా వినిపించడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. బ్యాండ్ వాయించింది బాలేదు అనట్లేదు, చాలా బాగుంది. కవర్ మీద ఉన్న మాటకీ లోపలున్న మ్యూజిక్‌కీ మధ్య గ్యాప్ ఉంది అంటున్నా.

తర్వాత 2006లో “కోడ్‌బుక్”. నెంబర్ థియరీ, క్రిప్టోగ్రఫీ ఆధారంగా రాసిన ట్యూన్లు. ఇక్కడే నాకు క్రిటిక్స్‌తో గొడవ మొదలవుతుంది, ఇది కొంచెం సేపు మాట్లాడదాం.

విజయ్ అయ్యర్ మీద, రుద్రేష్ మీద వచ్చిన రివ్యూలు వరుసగా చదువుతూ పోతే కొన్ని మాటలు తెగ కనిపిస్తాయి. ‘మేధోపరమైన’, ‘గణితం లాంటి’, ‘లెక్క తప్పని’. మొదట్లో మనకి గర్వంగానే ఉంటుంది, మనోళ్ళు బ్రెయినీ అంటున్నారు అని. నాలుగోసారి, ఐదోసారి చదివాక తేడా కొడుతుంది. విజయ్ యేల్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివిన మాట నిజమే. బర్క్‌లీలో పీహెచ్‌డీ కూడా చేశాడు, 1998లో. ఆ పీహెచ్‌డీ దేని మీదో తెలుసా? సంగీతం అర్థమయ్యేది బుర్రలో మాత్రమే కాదు, శరీరంలో అని. పశ్చిమాఫ్రికా, ఆఫ్రికన్ అమెరికన్ సంగీతాల్లో లయ ఎలా చేతుల్లో, కాళ్ళలో, ఊపిరిలో ఉంటుందో దాని మీద. అంటే ‘సంగీతం ఒంట్లో ఉంటుంది’ అని వందల పేజీలు రాసిన మనిషికి ‘బుర్రతో వాయిస్తాడు’ అని బిరుదు. ఆయన ఇంటర్వ్యూల్లో ఈ మాట మీద చిరాకు పడ్డాడు, పడడా మరి.

జాన్ కోల్ట్రేన్ కూడా స్వరాలన్నీ వృత్తంలో పెట్టి గీతలు గీసిన డయాగ్రామ్ ఒకటి ఉంది. చూస్తే అచ్చం జామెట్రీ బాక్స్ తెరిచినట్టు ఉంటుంది. కానీ కోల్ట్రేన్ అనగానే అందరికీ ముందు నోటికొచ్చే మాట ‘ఆధ్యాత్మికం’. అదే పని అయ్యర్, మహంతప్ప చేస్తే ‘గణితం’. పేరు చూసి వింటున్నారా, విని పేరు చూస్తున్నారా అని నా డౌట్. ఆఫీసులో కూడా అంతే కదా, మనోడు చేసిన డిజైన్ బాగుంటే ‘టెక్నికల్‌గా స్ట్రాంగ్’ అంటారు, ‘క్రియేటివ్’ అనే మాట వేరే వాళ్ళ కోసం దాచిపెడతారు.

ఇంకో విషయం, అసలు లెక్కకీ పాటకీ మధ్య గోడ కట్టిందెవరు? మన దగ్గర ఆ గోడ ఎప్పుడూ లేదు. కచేరీలో ముందు వరసలో తాతగారు తొడ మీద తాళం వేస్తూ, కళ్ళు మూసుకుని, కన్నీళ్ళు పెట్టుకుంటూ కూడా ఆవర్తం లెక్క తప్పడు. అవధానంలో చూడండి, పక్కన గంటలు కొడుతుంటారు, మధ్యలో ఒకాయన కావాలని పిచ్చి ప్రశ్నలు వేస్తుంటాడు, అవధాని పద్యం చెప్తూనే చివర్లో గంటలు ఎన్ని కొట్టారో చెప్పాలి. ఎవరైనా అది చూసి ‘పద్యంలో ఫీల్ లేదు, లెక్క ఎక్కువైంది’ అంటారా?

అయితే “కోడ్‌బుక్” గొప్ప ఆల్బమా అంటే, సగం. వెనక ఏ కోడ్ ఉందో తెలియకుండా విన్నా నిలబడే ట్రాక్స్ నాలుగైదు ఉన్నాయి. డాన్ వైస్ డ్రమ్స్ కోసమైనా వినాలి, ఆయన తబలా కూడా చాలా ఏళ్ళు నేర్చుకున్నవాడు, ఆ చేతివాటం తెలుస్తుంది. మిగతావి విన్నాక పజిల్ పూర్తి చేసిన తృప్తి ఉంటుంది, రెండోసారి ప్లే నొక్కాలనిపించదు. క్రిటిక్స్ వాడే ఆ మాటలు తప్పు అంటున్నా కానీ ప్రతి ట్రాక్‌నీ కాపాడే పని నాది కాదు.

ఇక అసలుది. “కిన్స్‌మెన్”, 2008. కిన్స్‌మెన్ అంటే అయినవాళ్ళు, చుట్టాలు.

దీని కథ ముందు చెప్పాలి. రుద్రేష్ మ్యూజిక్ కాలేజీలో ఉన్నప్పుడు వాళ్ళ అన్నయ్య ఆటపట్టించడానికి ఒక రికార్డ్ గిఫ్ట్ ఇచ్చాడు. పేరు “శాక్సోఫోన్ ఇండియన్ స్టైల్”. అన్నయ్యకి అది జోక్. అది వాయించింది కద్రి గోపాల్‌నాథ్ గారు. 1994లో “డ్యూయెట్” సినిమా వచ్చినప్పుడు రెహమాన్ పాటల్లో ఆ శాక్సోఫోన్ విని పడిపోయిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో కూడా ఉండే ఉంటారు, అడిగి చూడండి. గోపాల్‌నాథ్ గారు దక్షిణ కన్నడ మనిషి, నాన్నగారు నాదస్వరం విద్వాంసుడు. కుర్రాడిగా ఉన్నప్పుడు మైసూర్ ప్యాలెస్ బ్యాండ్‌లో శాక్సోఫోన్ విని, కర్ణాటక సంగీతం దీని మీద వాయించాలి అని పట్టుబట్టాడు.

అది ఎంత మొండి పనో ఒక్క మాటలో చెప్తా. శాక్సోఫోన్‌కి మీటలు ఉంటాయి. మీట నొక్కితే ఒక స్వరం, ఇంకోటి నొక్కితే ఇంకో స్వరం. మెట్లెక్కినట్టు. మన సంగీతానికి కావాల్సింది మెట్లు కాదు, జారుడు బల్ల, ఊయల. గమకం అంటే అదే కదా, స్వరం ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆయన వాయిద్యాన్నే మార్పులు చేసుకుని, పెదాలు, ఊపిరితో ఆ ఊగుడు తెచ్చాడు. 2019 అక్టోబర్‌లో పోయారు.

అమెరికాలో పెరిగిన శాక్సోఫోన్ కుర్రాడు, తన పేరున్న దేశంలో తన వాయిద్యమే వాయించే పెద్దాయన్ని వెతుక్కుంటూ వచ్చి, ఇద్దరూ కలిసి చేసిన ఆల్బమ్ ఇది. బ్యాండ్ పేరు దక్షిణ ఎన్‌సెంబుల్. గిటార్ రెజ్ అబ్బాసీ, మృదంగం పూవలూర్ శ్రీజి, ఇటు బేస్, డ్రమ్స్. వయొలిన్ ఎవరో తెలుసా? అవసరాల కన్యాకుమారి గారు. మన విజయనగరంలో పుట్టిన ఆవిడ. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు అది, వయొలిన్ అక్కడ గాల్లో ఉంటుంది. ఎం.ఎల్. వసంతకుమారి గారికి ఏళ్ళ తరబడి పక్క వాద్యం వాయించారు. 2015లో పద్మశ్రీ, తర్వాత మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. న్యూయార్క్ జాజ్ లేబుల్ ఆల్బమ్ మీద విజయనగరం ఆవిడ పేరు ఉంది అనే సంగతి మన ఫీడ్స్‌లో నాకు ఎక్కడా కనపడలేదు. ఎవరో హాలీవుడ్ హీరో మన పాటకి స్టెప్పేస్తే మాత్రం మూడు రోజులు ట్రెండింగ్.

క్రిటిక్స్ దీన్ని బాగా ఎత్తుకున్నారు. గ్యారీ గిడిన్స్, జాజ్ గురించి రాసేవాళ్ళలో చాలా పెద్ద పేరు, 2009లో న్యూయార్కర్ మ్యాగజైన్‌లో రుద్రేష్ మీద వ్యాసమే రాసి దీన్ని పొగిడాడు. ఆ పొగడ్తతో నాకు పేచీ లేదు. ఎందుకంటే ఇది మనం కార్పొరేట్ యాన్యువల్ డేలో చూసే ‘ఫ్యూజన్’ కాదు. ఆ ఫ్యూజన్ ఎలా ఉంటుందో తెలుసుగా, వెనక డ్రమ్ ప్యాడ్ లూప్, ముందు ఫ్లూట్ ఆయన హంసధ్వని, మధ్యలో గిటార్ అన్న కళ్ళు మూసుకుని తల ఊపడం. ఎవరి పని వాళ్ళది, స్టేజీ ఒకటే.

ఇక్కడ రెండు శాక్సోఫోన్లూ ఒకదాన్నొకటి వింటున్నాయి. ‘గణేశ’ అనే ట్రాక్‌లో ఇద్దరూ కలిసి వచ్చే చోట వినండి. ఒకే వాయిద్యం, రెండు నోళ్ళు. గోపాల్‌నాథ్ గారి శబ్దం సన్నగా, నాదస్వరం చుట్టం లాగా ఉంటుంది. రుద్రేష్‌ది గట్టిగా, అంచులతో, న్యూయార్క్ రోడ్డు మీద నడుస్తున్నట్టు. రుద్రేష్ గమకం వేయడు, వేయాలని ప్రయత్నించడు కూడా. స్వరం పక్కనుంచి కొంచెం గీరుతూ వస్తాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. నేర్చుకోని దాన్ని నటించలేదు.

‘కల్యాణి’ అని ఇంకో ట్రాక్. కల్యాణి రాగం మనకి పేరు తెలియకపోయినా చెవికి తెలుసు, సినిమా పాటల్లో తరాలుగా విన్నదే. అందుకే మనకి ఇక్కడ ఒక అడ్వాంటేజ్ ఉంది, న్యూయార్క్ క్రిటిక్‌కి లేనిది. రాగం ఎప్పుడు కల్యాణిలా ఉంటుందో, ఎప్పుడు ఆ స్వరాల లిస్టు మాత్రమే అయిపోతుందో మన చెవి ఇట్టే పట్టేస్తుంది. కన్యాకుమారి గారి విల్లు తగలగానే కల్యాణి వచ్చి కూర్చుంటుంది. గిటార్, బేస్ దగ్గరికి వచ్చేసరికి కొన్ని చోట్ల స్వరాలు కరెక్టే, రాగం బయటికి వెళ్ళింది. అది తప్పు కాదు, జాజ్‌లో వాళ్ళకి ఆ హక్కు ఉంది. కానీ ‘రెండు సంగీతాలు సమానంగా కలిశాయి’ అనే మాట రివ్యూల్లో చూసినప్పుడల్లా నేను ఒప్పుకోను. చట్రం జాజ్‌ది. ట్యూన్, సోలోలు, మళ్ళీ ట్యూన్. కర్ణాటక సంగీతం ఆ ఇంటికి చుట్టంగా వచ్చింది, మంచి మర్యాద జరిగింది. కానీ ఇల్లు వాళ్ళదే.

ఇంకో చిన్న కంప్లైంట్: మృదంగం, డ్రమ్స్ రెండూ ఉన్నప్పుడు కొన్ని చోట్ల ‘మీరు ముందు, కాదు కాదు మీరు ముందు’ అని తలుపు దగ్గర నిలబడ్డ పెళ్ళివారిలా ఉంటాయి. ఒకరు తగ్గినప్పుడే ఇంకొకరు వినిపిస్తారు. చివరి ట్రాక్ ‘కన్వర్జెన్స్’లో ఆ మొహమాటం పోయి ఇద్దరూ ఒకేసారి దూకుతారు. అప్పటిదాకా ఎందుకు ఆగారు అనిపిస్తుంది. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే వినే టైమ్ ఉంటే అదే వినండి.

మిగతా రెండూ స్పీడ్‌గా. స్టీవ్ లీమన్ “మీజాన్ అబీమ్”, 2014. ఎనిమిదిమంది బ్యాండ్. ఆ ఏడాది ఎన్‌పీఆర్ జాజ్ క్రిటిక్స్ పోల్‌లో నంబర్ వన్. ఐడియా: ఒకే శబ్దంలో దాగిన చిన్న చిన్న శబ్దాల్ని కంప్యూటర్‌తో విడగొట్టి, వాటిని బాకాలకి పంచడం. ఇది కొత్త మ్యాజిక్ లాగా రాశారు చాలామంది. తంబురా ముందు కూర్చున్న వాళ్ళకి కొత్త కాదు, మీటింది సా, పా మాత్రమే అయినా గాంధారం దానంతటదే వినపడుతుంది, దానికి స్వయంభూ గాంధారం అని పేరు కూడా ఉంది. లీమన్ ఆ పనిని ఎనిమిదిమందితో, విపరీతమైన స్పీడ్‌లో చేస్తాడు. చల్లగా, మెరుస్తూ, ఏసీ ఫుల్‌లో పెట్టిన సర్వర్ రూమ్‌లా ఉంటుంది. నాకు గౌరవం ఉంది, ప్రేమ లేదు. అన్ని ఓట్లు దీనికే ఎందుకు పడ్డాయంటే, నా అనుమానం, క్రిటిక్స్‌కి వివరించడానికి ఏదో ఒకటి ఉన్న ఆల్బమ్ ఇష్టం. వివరించడానికి ఏమీ లేకుండా బాగున్నది వాళ్ళకి కష్టం. నేనూ ఇక్కడ అదే చేస్తున్నా అనుకోండి, అది వేరే విషయం.

హెన్రీ థ్రెడ్‌గిల్ “ఇన్ ఫర్ ఎ పెన్నీ, ఇన్ ఫర్ ఎ పౌండ్”, 2015. రెండు సీడీలు. 2016లో మ్యూజిక్‌కి పులిట్జర్ ప్రైజ్ దీనికే వచ్చింది. ఆ ప్రైజ్ ఎక్కువగా క్లాసికల్ వాళ్ళకి వెళ్ళేది, అప్పటిదాకా జాజ్ నుంచి వింటన్ మార్సాలిస్, ఆర్నెట్ కోల్‌మన్ లాంటి ఒకరిద్దరికే దక్కింది. 2001లో ఈయన్ని నమ్ముకుని షట్టర్ తెరిచిన చిన్న లేబుల్‌కి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో! ట్యూబా, చెల్లో, గిటార్, డ్రమ్స్, ఈయన ఫ్లూట్, శాక్సోఫోన్. ఎవరికి ఏ స్వరాల మధ్య దూరాలు వాడాలో ముందే పంచిపెడతాడు, ఆ దూరాల్లోనే అల్లుకోవాలి. మొదటిసారి వింటే ఐదుగురు ఐదు రోడ్లలో వెళ్తున్నట్టు ఉంటుంది. నాలుగోసారికి ట్యూబా వెంట వెళ్ళడం నేర్చుకున్నా, అప్పటినుంచి దారి దొరికింది. ట్యూబా వినండి, ఇంక దేన్నీ పట్టించుకోకండి. అన్నట్టు ఈయన కొన్నాళ్ళు మన గోవాలో కూడా ఉన్నాడు.

సరే, ప్రాక్టికల్ విషయానికి వద్దాం. ఈ ఆల్బమ్‌లు బ్యాండ్‌క్యాంప్‌లో లేబుల్ పేజీలో వెతకండి. అక్కడ కొంటే డబ్బులో పెద్ద వాటా నేరుగా వాళ్ళకే వెళ్తుంది. ఒక ఆల్బమ్ రేటు బిర్యానీ, డెలివరీ ఛార్జీ, సర్జ్ కలిపితే ఎంతో దాదాపు అంతే. ఇయర్‌ఫోన్స్ కంపల్సరీ, ఫోన్ స్పీకర్‌లో బేస్ వినపడదు, బేస్ లేకపోతే సగం మ్యూజిక్ లేనట్టే. వినే వరస: “కిన్స్‌మెన్” చివరి ట్రాక్, తర్వాత ‘కల్యాణి’, తర్వాత “ఇన్ వాట్ లాంగ్వేజ్?” మొత్తం ఒకే సిట్టింగ్‌లో. థ్రెడ్‌గిల్ దగ్గరికి నెల తర్వాత వెళ్ళండి.

ఇమిగ్రేషన్ లైన్‌లో నిలబడి వచ్చిన వాళ్ళు ఎవరైనా ఆ ఆల్బమ్ వింటే, కింద రాయండి, పేరు లేకుండా రాసినా పర్లేదు. మీరు రాసినవి చదివి, వచ్చే ఎపిసోడ్‌లో “హోల్డింగ్ ఇట్ డౌన్” తీసుకుందాం. ఉంటా మరి, బై.